నల్లబడ్డ రూపాయి: దాని స్థితిని తేల్చడం ఎలా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్‌సి. విద్యార్థి)

వెండి గాలికి నల్లబడుతుందని హైస్కూలు నుంచీ మనకు తెలుసు. పరీక్షలో సమీకరణం రాసి రెండు మార్కులు తెచ్చుకోవడంతో ఆ సంగతి ముగిసిపోతుంది. కాని ఆ వెండి ఒక పాత రూపాయి రూపంలో చేతికి వచ్చి, ఇది ఎంత అరిగింది, ఎంత బాగుంది, దాచాలా కరిగించాలా అని తేల్చవలసి వచ్చినప్పుడు ఆ రెండు మార్కుల చదువు చాలదు. నలుపు వేరు, అరుగుదల వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసేవాళ్ళే ఎక్కువ. నల్లగా ఉంటే పాడైపోయిందనీ, తెల్లగా మెరిస్తే కొత్తదనీ అనుకుంటారు. చాలాసార్లు నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. చేతిలో ఒక లెన్సు, బల్ల మీద ఒక దీపం ఉంటే ఈ తేడాని ఎవరైనా ఎలా పట్టుకోవచ్చో చెప్పడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ఉదాహరణగా ఐదో జార్జి బొమ్మ ఉన్న 1918 నాటి రూపాయిని తీసుకుంటున్నాను. నేను దగ్గరగా పరిశీలించిన నాణెం అదే. మా నాయనమ్మ దగ్గర ఇరవై మూడు వెండి రూపాయిలు ఉన్నాయి. వాటిలో పదిహేను 1918వి, మిగతావి కాస్త అటూ ఇటూ సంవత్సరాలవి. కిందటి వేసవిలో మా అక్క పెళ్ళికి వాటిని కరిగించి కాళ్ళపట్టీలు చేయిద్దామని ఇంట్లో నిశ్చయమైంది. కరిగిన నాణేన్ని మళ్ళీ తేలేం గనక, మూసలో పడేముందు ఒక్కొక్కటీ చూస్తానని అడిగాను. నాన్న రెండు రోజులు గడువు ఇచ్చారు.

ముందు నాణెం సంగతి. 1835 నుంచి బ్రిటిషు ఇండియా రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. కొత్త రూపాయిలో నికరంగా 10.69 గ్రాముల వెండి ఉంటుంది. మన పెద్దవాళ్ళు మందు దినుసులకి ‘రూపాయెత్తు’ అనే కొలత చెప్పేవారు కదా, ఆ ఎత్తు ఇదే. పాత తులం కూడా ఇదే. (ఇప్పుడు నగల దుకాణాల్లో తులమంటే పది గ్రాములనేవాళ్ళు ఉన్నారు. అది వేరే లెక్క.) 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947లో అదీ పోయి నికెలు రూపాయి వచ్చింది. తెలంగాణ ఇళ్ళల్లో చార్మినారు బొమ్మతో కనిపించే నిజాం హాలీ సిక్కా రూపాయి వేరు; అందులో వెండి నూటికి 82 పాళ్ళ లోపే, రాగి ఎక్కువ, కాబట్టి ఎరుపు గోధుమ ఛాయకి తొందరగా తిరుగుతుంది.

1918 రూపాయి అరుదైనదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రూపాయికి గిరాకీ పెరిగి, ఇండియా ప్రభుత్వం దగ్గర వెండి నిండుకునే పరిస్థితి వచ్చింది. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలోని వెండి డాలర్లను 27 కోట్లకు పైగా కరిగించింది. ఆ వెండిలో చాలా భాగం ఇండియా కోసమే. ఆ ఏడు కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి 40 కోట్లకు పైగా రూపాయిలు కొట్టాయి. బొంబాయి దానికి బొరుసు వైపు అడుగున తామరపువ్వు కింద చిన్న చుక్క ఉంటుంది. కలకత్తా దానికి ఉండదు. ఇన్ని కోట్లు కొట్టిన నాణెం అరిగిపోయి ఉంటే దాని విలువ వెండి విలువే. అరగకుండా ఉన్నప్పుడే దానికి నాణెంగా వేరే విలువ. అంటే ఇక్కడ అంతా స్థితి మీదే ఆధారపడి ఉంది. (సంవత్సరమే విలువైన నాణేలూ ఉన్నాయి. 1911 రూపాయిలో రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరం వచ్చి, చాలామటుకు బయటికి పోనివ్వకుండా కరిగించేశారు. 1911 అనే అంకెలు కనిపిస్తే ఎంత అరిగి ఉన్నా పక్కన పెట్టండి.)

ఇప్పుడు నలుపు సంగతికి వద్దాం. వెండి ఇనుములా తుప్పు పట్టదు. మామూలు వేడిమి దగ్గర ఆమ్లజని ఒక్కటే దాన్ని ఏమీ చేయలేదు. గాలిలో అణుమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు, తేమ తోడైనప్పుడు, పైన ఉన్న వెండిని సిల్వర్ సల్ఫైడుగా మారుస్తుంది. గంధకం ఎక్కడ ఉన్నా ఈ పని జరుగుతుంది. ఉన్ని బట్ట, రబ్బరు బ్యాండు, చవకరకం కాగితం, అట్టపెట్టె, ఉడికించిన గుడ్డు అన్నిటిలోనూ అది ఉంది. మా ఇంట్లో మరీ దగ్గరగా ఉంది. మిరపతోటకి బూడిద తెగులు రాకుండా చల్లే గంధకం పొడి బస్తాలు వేసే గదిలోనే నాయనమ్మ ట్రంకుపెట్టె కూడా ఉండేది.

ఈ పొర మొదట్లో చాలా పలచన. ఎంత పలచనంటే వెలుతురు దాని పైతలం నుంచి కొంత, కింద ఉన్న వెండి నుంచి కొంత వెనక్కి వస్తుంది. ఆ రెండు భాగాలూ కలిసేటప్పుడు కొన్ని తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ పోయిన రంగు తెలుపులోంచి తీసేస్తే మిగిలేదే మన కంటికి కనిపిస్తుంది. రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో చదివిన పలుచని పొరల వ్యతికరణం అచ్చంగా ఇదే. వాన నీళ్ళ మీద డీజిలు చుక్క పడితే కనిపించే రంగులూ ఇవే. పొర పెరిగేకొద్దీ ముందు నీలి ఊదా కిరణాలు చస్తాయి, కాబట్టి నాణెం లేత పసుపవుతుంది. తరువాత బంగారు రంగు, ఆపైన ఆకుపచ్చ చచ్చి కెంపు, ఊదా. ఇంకా పెరిగితే ఎరుపు చచ్చి నీలం, ఆకాశనీలం. అక్కడితో ఒక వరస పూర్తయి మళ్ళీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ అంటూ రెండో వరస మొదలవుతుంది. ఆ తరువాత పొర దళసరై వెలుతురును తానే మింగేస్తుంది. అదే నలుపు. ఈ వరసను గుర్తు పెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ పొర కోసం నాణెం ఎంత వెండిని పోగొట్టుకుంది? నేను లెక్క వేసి చూశాను. రూపాయి అడ్డకొలత సుమారు 30.5 మిల్లీమీటర్లు. బొమ్మా బొరుసూ కలిపి వైశాల్యం దాదాపు 14.6 చదరపు సెంటీమీటర్లు. మొత్తం మీద నూరు నానోమీటర్ల మందాన పొర ఉందనుకుంటే, సల్ఫైడు సాంద్రత 7.2 చొప్పున పొర బరువు ఒక మిల్లీగ్రాముకి కాస్త ఎక్కువ. అందులో వెండి మిల్లీగ్రాముకి కాస్త తక్కువ. ఇప్పుడు దీన్ని అరుగుదలతో పోల్చండి. మా రూపాయిల్లో బాగా చేతులు మారినదాన్ని కళాశాల ప్రయోగశాలలోని త్రాసులో తూచాను. 11.28 గ్రాములు వచ్చింది. అంటే సంతల్లో, రొండిన దోపుకున్న సంచుల్లో తిరిగి తిరిగి అది 380 మిల్లీగ్రాములు పోగొట్టుకుంది. రంగు తిరిగినందుకు ఒకటి, వాడకానికి మూడు వందల ఎనభై! మరి మనం భయపడేది మాత్రం రంగు చూసి.

కంసాలి ఆచారి గారు కూడా ఈ మాటే తన పద్ధతిలో అన్నారు. “నల్లదైనా తెల్లదైనా కాటాకి ఒకటేనండీ, మీరు శ్రమపడి తోమించక్కర్లేదు” అని నాన్నతో చెప్పారు. కరిగించేవాళ్ళకి ఆ మాట చాలు. దాచేవాళ్ళకి చాలదు. ఎందుకంటే నాణెం స్థితి దాని బరువులో కంటే దాని పైతలంలో ఎక్కువ ఉంటుంది.

పైతలంలో చూడవలసిన మొదటి వస్తువు తళుకు. టంకశాలలో వెండి బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి బలంగా కొట్టినప్పుడు, ఒక్క క్షణం లోహం మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. ఆ పాకిన జాడలు కంటికి కనిపించనంత సన్నని గీతలై నాణెం మీద నిలిచిపోతాయి. ఒక్క దీపం కింద నాణేన్ని మెల్లగా వాల్చి తిప్పితే వాటి మీద పడిన వెలుగు బండిచక్రపు ఆకుల్లా మధ్య నుంచి బయలుదేరి గుండ్రంగా తిరుగుతుంది. ఇంగ్లీషులో కూడా దీన్ని ‘కార్ట్‌వీల్’ అనే పిలుస్తారు. ఇది కొత్త నాణేనికి పుట్టుకతో వచ్చిన గుర్తు. మెరుగు పెట్టి దీన్ని తేలేరు. ముందుగా ఎత్తుగా ఉన్న చోట్ల వేళ్ళ రాపిడికి పోతుంది, తరువాత ఖాళీ జాగాల్లో, అన్నిటికంటే ఆఖరున అక్షరాల సందుల్లో.

రంగు పొర ఈ గీతలను కప్పేయదు. పలచగా ఉన్నంత కాలం గీతల మీద చీర పరచినట్టు వాటి ఎగుడు దిగుళ్ళ వెంటే పోతుంది. కాబట్టి పసుపు తిరిగినా, నీలం తిరిగినా, కింద తళుకు ఉంటే ఆ రంగులోంచే చక్రం తిరగడం కనిపిస్తుంది. తళుకు చచ్చిన చోట అదే రంగు గోడకి వేసిన వెల్లలా కదలక మెదలక ఉంటుంది. నా మటుకు నాకు రంగు తిరిగిన నాణేన్ని పరీక్షించడంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి లేదు. రంగును చూడకూడదు, రంగు గుండా చూడాలి.

రెండో సంగతి ఎత్తైన చోట్లు. ఈ రూపాయి మీద రాజుగారి కనుబొమ, మీసం, చెవి, కిరీటం మీది ముత్యాలు, భుజం మీది వస్త్రపు అల్లిక ముందుగా అరిగేవి. బొరుసు వైపు పూల రేకులు. అక్కడ బూడిద రంగు మచ్చలా ఉండి తళుకు తెగిపోయిందంటే అది చేతులు మారిన నాణెం. అయితే జాగ్రత్త: అచ్చు సరిగా పడక కిరీటం ముత్యాలు మొదటి నుంచీ చదునుగా ఉండవచ్చు. దాన్ని అరుగుదల అనుకుంటే పొరపాటు. అచ్చు పడని చోట వివరం ఉండదు గాని తళుకు ఉంటుంది. అరిగిన చోట రెండూ ఉండవు.

గ్రేడులకి ప్రపంచమంతా వాడుతున్న కొలబద్ద 1 నుంచి 70 వరకు. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తన దేశపు పాత రాగి సెంట్ల కోసం దీన్ని పెట్టాడు. మామూలు అట్టడుగు నాణెం కంటే అతి ఉత్తమమైనది డెబ్బై రెట్లు ధర పలుకుతుందన్న ఆనాటి లెక్క నుంచి ఆ డెబ్బై పుట్టింది. ధరలు మారిపోయాయి, అంకె మిగిలింది. 60 నుంచి 70 వరకు అసలు వాడకంలోకి రాని నాణేలు. 50 నుంచి 58 వరకు దాదాపు కొత్తవి, ఎత్తుల మీద మాత్రం ఒక్క రవ్వ రాపిడి. 40, 45 అంటే చాలా బాగున్నవి. 20 నుంచి 35 బాగున్నవి. 12, 15 మధ్యరకం. అక్కణ్ణుంచి కిందికి అక్షరాలు చదవగలిగితే చాలు. నా ఉద్దేశంలో 62కీ 63కీ తేడా చెప్పేవాళ్ళలో సగం మంది ధైర్యం మీద చెప్తారు. కాని 58కీ 60కీ మధ్య గీత మాత్రం నిజమైన గీత. ఒక పక్క వాడకం ఉంది, ఇంకో పక్క లేదు.

ఇక మా ఇంటి రూపాయిల్లో మూడింటి సంగతి చెప్తాను. మూడూ 1918వే.

మొదటిది తెల్లగా తళతళలాడేది. ఇంట్లో అందరూ “ఇది దాచు, ఎంత బాగుందో” అన్నది దీన్నే. ఏటా వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టే రూపాయి ఇది. ప్రతి శ్రావణమాసంలోనూ చింతపండుతో నానబెట్టి, పళ్ళపొడితో తోమి, పసుపు కుంకాలు పెట్టేవాళ్ళు. దీపం కింద తిప్పితే చక్రం లేదు. పది రెట్లు చూపే లెన్సులో ఖాళీ జాగా అంతా సన్నని గీతలే. అవి మధ్య నుంచి అంచుకి పోయే గీతలు కావు, తోమిన చేతి వాటం ప్రకారం అడ్డంగా ఒకే దిక్కుకి పోయినవి. అక్షరాల మూలల్లో మాత్రం పాత నలుపు, కొంచెం కుంకం. రాజుగారి మీసం వివరంగానే ఉంది. వివరాన్ని బట్టి చూస్తే 40 దాకా ఇవ్వవచ్చు. కాని తోమిన నాణేనికి అంకె ఇవ్వరు. ‘తోమినది’ అని రాసి ఊరుకుంటారు. పూజకి పెట్టినందుకు నాయనమ్మను తప్పు పట్టేదేం లేదు. ఆ రూపాయి ఆవిడకి నాణెం కాదు, లక్ష్మి.

రెండోది నల్లటి నలుపు. పెట్టె అడుగున గంధకం పక్క గోడకి ఆనుకుని విడిగా పడి ఉన్నది. నాయనమ్మ దాన్ని చూసి, “మసి పట్టిందిరా అబ్బాయ్, చింతపండేసి రుద్దితే దీపంలా అవుద్ది” అంది. పాత నాణేల గురించి చదివేవాళ్ళు దీనికి నేరుగా వ్యతిరేకమైన భ్రమలో ఉంటారు. నల్లగా ఉంది, ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి లోపల అద్భుతం దాగి ఉందని. రెండూ సరి కావు. నలుపు అంటే పొర వెలుతురును మింగే దశకి వచ్చిందన్న మాట. ఆ దశలో సల్ఫైడు గీతలను కూడా తినేసి పైతలాన్ని గరుకు చేస్తుంది. ఆ రూపాయిని దీపం కింద ఎంత వాల్చినా ఎక్కడా చక్రం లేదు, సందుల్లో కూడా లేదు. పైగా చెవి గుంట పూడిపోయి చదునైంది. అంటే నలుపు ఎక్కకముందే అది బాగా తిరిగిన నాణెం. 20 మించి ఇవ్వలేం. ఇది కరిగిపోయినా చింత లేదని రాసుకున్నాను.

రుద్దకుండా నలుపు తీసే ఉపాయాలు రసాయనశాస్త్రం చదివినవాళ్ళకి తెలుసు. అల్యూమినియం రేకు మీద పెట్టి వేడి సోడా నీళ్ళు పోస్తే సల్ఫైడు తిరిగి వెండి అవుతుంది. సమీకరణం ప్రకారం పోయిన వెండి వెనక్కి వచ్చినట్టే. కాని ఆ వచ్చిన వెండి మునుపటి చోటే మునుపటిలా కూర్చోదు, నురగలా గుల్లగా పేరుకుంటుంది. లోహం వచ్చింది, గీతలు రాలేదు. కంచాలకీ గిన్నెలకీ అది మంచి పద్ధతే. నాణేనికి వద్దు.

మూడోది అసలు కథ. నాయనమ్మ ఏడు రూపాయిలను ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి, పాత నోటుపుస్తకం కాగితంలో చుట్టి దాచింది. ఆ చుట్ట చివరనున్న రూపాయి బొమ్మ వైపు కాగితానికి తగిలి ఉంది. బొరుసు వైపు పక్క రూపాయికి ఆనుకుని ఉంది. ఫలితంగా బొరుసు ఇంకా తెల్లగా ఉంది, అంచు చుట్టూ మాత్రం సన్నని పసుపు. బొమ్మ వైపు అంచున నీలం, దాని లోపల ఊదా, తరువాత కెంపు, బంగారు రంగు, మధ్యలో రాజుగారి చెంప మీద లేత పసుపు. వలయాలు వలయాలుగా, మనం చెప్పుకున్న వరస తప్పకుండా! అంచు దగ్గర గాలి, కాగితపు మడతలూ ఎక్కువ కాబట్టి అక్కడ పొర దళసరి, లోపలికి పోయేకొద్దీ పలచన. వలయాలను చదివితే ఆ రూపాయి ఎన్నేళ్ళు ఎలా కూర్చుందో తెలిసిపోతుంది. అమెరికాలో వెయ్యేసి డాలర్లు పోసి కాన్వాసు సంచుల్లో ఖజానాలో దాచిన నాణేలకి కూడా ఇలాగే, సంచి గుడ్డకి తగిలిన చోట నెలవంకలా రంగులు వచ్చాయి. పక్క నాణెం కప్పిన మేర తెల్లగా మిగిలింది. 1918లో కరగకుండా తప్పించుకున్న డాలర్లలో ఇలాంటివాటిని ఈనాడు మామూలు ధరకి ఎన్నో రెట్లిచ్చి కొంటున్నారు.

ఇక్కడే కన్ను మోసపోతుంది. అంత అందమైన రంగు చూశాక మనసు దానికి ఇంకో పది మార్కులు కలుపుతుంది. మాకు తెలిసిన నాణేల వ్యాపారి ఒకాయన దాన్ని చూసిన వెంటనే, “ఇది అసలు వాడకంలోకే రాలేదు” అన్నారు. నేను ఆ రాత్రి మిగతా దీపాలు ఆర్పి ఒక్క బల్బు కింద గంటసేపు తిప్పి చూశాను. ఖాళీ జాగాల్లో నీలంలోంచి, కెంపులోంచి చక్రం చక్కగా తిరుగుతోంది. అక్షరాల మధ్య కూడా. కాని కనుబొమ మీదికీ కిరీటం ముత్యాల మీదికీ వచ్చేసరికి ఆ వెలుగు ఆగిపోతోంది. చుట్టూ బంగారు రంగు జీవంతో ఉంటే, ముత్యాల మీద అదే రంగు గోధుమగా, బూడిదగా చచ్చినట్టుంది. అచ్చు పడకపోవడం కాదు, ఎందుకంటే ముత్యాల అంచులు స్పష్టంగా ఉన్నాయి, నెత్తులు మాత్రమే చదునయ్యాయి. అంటే కాగితపు చుట్టలోకి వెళ్ళేముందు ఆ రూపాయి కొన్నాళ్ళు చేతులు మారింది. రంగు ఆ రాపిడి మీద తరువాత వచ్చి కూర్చుంది. గొప్ప నాణెమే, కాని గీతకి ఇవతలిది. 55 అని రాశాను.

ఇన్ని రంగులున్నప్పుడు ఇది సహజమా, ఎవరైనా చేసినదా అని అడగడం న్యాయం. దొంగరంగు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేశాను. పేరులో గుచ్చుకోవడానికి కొక్కెం అతికిన రూపాయి ఒకటి ఉంది. అతుకు పెట్టిన నాణెం సేకరణకి పనికిరాదు గనక దాన్ని వాడుకున్నాను. ఉడికించిన గుడ్డు సొన చిదిమి వెడల్పు మూతి సీసాలో వేసి, పైన రూపాయిని దారంతో వేలాడదీశాను. (కొక్కెం అందుకు కలిసొచ్చింది.) మూత బిగించి పొద్దున పెడితే కాసేపటికే పసుపు తిరిగింది, మధ్యాహ్నానికి ఊదా, సాయంత్రానికి నీలం. చదువుకున్న వరస కళ్ళముందు నడిచింది. మా హాస్టలు మిత్రులు వాసనకి తిట్టినా రంగులు చూడ్డానికి మాత్రం అందరూ వచ్చారు.

అంత తేలిక గనకే మోసమూ తేలిక. నా గుడ్డు రూపాయిని నాయనమ్మ కాగితపు రూపాయి పక్కన పెట్టి చూస్తే తేడాలు కనిపించాయి. గుడ్డు రంగు రెండువైపులా, ఎత్తులోనూ పల్లంలోనూ దాదాపు ఒకేలా ఉంది. కాగితం రంగు అక్షరాల పక్కకి వచ్చేసరికి వెనకాడి, ప్రతి అక్షరం చుట్టూ కొంచెం లేత ఛాయ వదిలింది. గుడ్డు రూపాయి మీద పాత గీతల్లోకి రంగు ఇంకిపోయి గీతలు మరింత ముదురుగా కనిపిస్తున్నాయి. తోమిన నాణేనికి రంగు వేసి అమ్మేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. పసుపూ కెంపూ లేకుండా తెలుపు పక్కనే హఠాత్తుగా నీలం ఉంటే కూడా అనుమానించాలి. అంత తొందరగా పొర దళసరెక్కడం కాలం చేసే పని కాదు. రంగు కంటే ముందు అసలు అది వెండేనా అన్నది కూడా చూసుకోవాలి. నీళ్ళల్లో తూచి ఆర్కిమెడిసు పద్ధతిన సాంద్రత తీస్తే ఈ వెండికి 10.3 దగ్గర రావాలి. రాగి, నికెలు కలిపి పోసినవి 9 దగ్గరే ఆగిపోతాయి.

రెండు రోజుల గడువు పూర్తయ్యేసరికి కొక్కేలు అతికినవి, సున్నంగా అరిగినవి, తోమినవి, నలుపు తిన్నవి వేరు చేశాను. పంతొమ్మిది రూపాయిలు మూసలోకి వెళ్ళాయి. పూజ రూపాయిని నేను కరిగించే పక్క పెడితే నాయనమ్మ తీసి మళ్ళీ తన కొంగున కట్టుకుంది. దాని బదులు మామూలుది ఇంకోటి ఇచ్చింది. ఆ విషయంలో నా గ్రేడు చెల్లలేదు. చుట్టలో చివరిదీ, దాని పక్కదీ నా దగ్గర ఉన్నాయి. ప్రయోగం చేసిన కొక్కెం రూపాయి ప్రయోగశాలలో ఉంది, కావలసినవాళ్ళు చూడవచ్చు. అక్కకి పట్టీలు కాస్త సన్నగా వచ్చాయని అమ్మ అంది గాని, అక్క ఏమీ అనలేదు.

ఈ రెండింటినీ పేరున్న విదేశీ సంస్థకి పంపి అంకె వేయించవచ్చు కదా అని ఒక మిత్రుడన్నాడు. వీల్లేదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని మనబోటి వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇంకో చట్టం రైతు కుటుంబాల వాళ్ళకి తెలియవలసింది: దున్నేటప్పుడు భూమిలో ముంత దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయిల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకి తెలపాలి. ఇంట్లో పెద్దల నుంచి వచ్చినవాటికి ఆ బాధ లేదు.

దాచే పద్ధతి గురించి అడిగేవాళ్ళకి: నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తండి, ముఖం మీద వేలు పెడితే చెమట గుర్తు ఏళ్ళకి ఏళ్ళు నిలిచిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వాడవద్దు, పి.వి.సి. రకం కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చ జిగురు వదులుతుంది. పాలియెస్టరు కవరు మంచిది. కూడా ఒక సిలికా జెల్ పొట్లం వేస్తే తేమను పీల్చుకుంటుంది. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక, ఉన్ని గుడ్డ దగ్గరికి రానివ్వకండి. గంధకం బస్తాల సంగతి సరేసరి.

ఈ వ్యాసం రాస్తుండగా మా రసాయనశాస్త్ర అధ్యాపకులు ఆ రంగుల రూపాయిని మరోసారి అడిగి తీసుకుని చూశారు. ముత్యాల మీది బూడిద మచ్చ చాలా చిన్నది, 58 ఇవ్వవచ్చునన్నారు. మీసం మీద కూడా చూడమని లెన్సు ఇచ్చాను. ఆయన 58 దగ్గరే ఉన్నారు, నేను 55 దగ్గర.